డిస్కార్డ్‌లో "ధర" బోల్డ్ అవుతోంది, "తోతాపురి" మాత్రం వాలిపోతోంది. ఎందుకు?

మామిడితోట_మురళి
మాది చిత్తూరు పక్కన బంగారుపాళ్యం. మా మామ మామిడి మండీలో ఉంటాడు. సాయంత్రం కాగానే ఆ రోజు ధరలు వాట్సాప్ గ్రూపులో పెడతాడు, ముఖ్యమైన మాటలకి అటూ ఇటూ స్టార్ పెట్టి బోల్డ్ చేస్తాడు. అదే మెసేజ్ రైతుల టెలిగ్రామ్ చానెల్‌కి, బెంగళూరులో ఉండే మా వాటాదారుల డిస్కార్డ్‌కి, చెన్నైలో కొనే పార్టీ ఆఫీసు స్లాక్‌కి కూడా పోవాలి. కాపీ కొట్టి స్టార్లు సర్దే పని నా నెత్తిన పడింది కాబట్టి పైథాన్‌లో ఒక బాట్ రాశా. మెసేజ్ ఇట్లా ఉంటుంది (అంకెలు ఊరికే రాశా, నిజం ధరలు కావు):

`🥭 *తోతాపురి* - 9.50 నుంచి 11.00`
`*ధర* కిలోకి. క్రేట్లు 25*40, 30*50`
`_రేపు మధ్యాహ్నం దాకానే_`

డిస్కార్డ్‌లో బోల్డ్‌కి రెండు స్టార్లు కావాలి కదా, వాట్సాప్ ఒక స్టార్‌ని రెండు చేసేలా రెగెక్స్ (టెక్స్ట్‌లో నమూనా వెతికి మార్చే సూత్రం) పెట్టా. "ధర" చక్కగా బోల్డ్ అవుతోంది. "తోతాపురి" మాత్రం ఇటాలిక్‌లో పక్కకి వాలిపోతోంది. ఒకే మెసేజ్, ఒకే కోడ్, ఒక పదానికి పనిచేసి ఇంకో పదానికి ఎందుకు చేయదు? టెలిగ్రామ్ అయితే మెసేజే తీసుకోవడం లేదు, హైఫన్ రిజర్వ్‌డ్ అని ఎర్రర్. స్లాక్‌లో మాత్రం ఏమీ మార్చకుండానే బాగుంది. తలనొప్పిగా ఉందబ్బా, ఎవరన్నా చూడండి.

అలిపిరి_మెట్లు
కిలో 11 రూపాయలు ఏ మండీలో ఇస్తున్నారో చెప్పు సామీ, లోడు ఎత్తించేస్తా

రెగెక్స్_రెడ్డి
పైన జోకులు పక్కన పెట్టి, రెగెక్స్ ఏం రాశావో చెప్పు ముందు.

మామిడితోట_మురళి
స్టార్, తర్వాత బ్రాకెట్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ప్లస్, మళ్ళీ స్టార్. అంటే రెండు స్టార్ల మధ్య ఒక పదం. అంతే.

రెగెక్స్_రెడ్డి
అనుకున్నా. పైథాన్‌లో మామూలు రెగెక్స్ మాడ్యూల్‌కి బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అంటే అక్షరం, అంకె, అండర్‌స్కోర్. తెలుగులో హల్లులు, అచ్చులు దానికి అక్షరాలే. కానీ గుణింతపు గుర్తులు ఉన్నాయి చూడు, గుడి, కొమ్ము, ఓత్వం, ఇంకా పొల్లు, సున్నా, ఇవన్నీ యూనికోడ్‌లో "మార్క్" అనే వేరే వర్గం, వాటిని అది అక్షరంగా లెక్కపెట్టదు. "ధర"లో ధ, ర రెండే, గుణింతం లేదు, కాబట్టి పట్టుకుంది. "తోతాపురి"లో మొదటి "త" కాగానే ఓత్వం దగ్గర ఆగిపోయింది, స్టార్ దాకా పోలేదు, ఒంటి స్టార్ అట్లాగే ఉండిపోయింది. డిస్కార్డ్‌లో ఒంటి స్టార్ అంటే ఇటాలిక్. అందుకే వాలిపోయింది.

రెండు దార్లు. రెగెక్స్ అనే పేరుతోనే విడిగా ఇంకో మాడ్యూల్ దొరుకుతుంది, పిప్‌తో వేసుకో, అది మార్కులని కూడా పదంలో కలుపుతుంది. లేదంటే డబ్ల్యూ వదిలేసి "స్టార్ కానిది, కొత్త లైన్ కానిది ఏదైనా" అని రాయి. జావాస్క్రిప్ట్‌లో ఇంకా ఘోరం, అక్కడ డబ్ల్యూ అంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే, యూ ఫ్లాగ్ వేసి అక్షరాల వర్గం, మార్కుల వర్గం రెండూ విడిగా అడగాలి.

కాణిపాకం_కోడర్
ఇది బంగారం లాంటి సమాధానం. వర్డ్ బౌండరీ కూడా ఇదే గొడవ, తెలుగు పదం మధ్యలోనే పదం అయిపోయిందంటుంది. నేను సర్చ్ బాక్స్ రాసేటప్పుడు దీనితో బాగా పడ్డా.

సాదా_టెక్స్ట్
అసలు బోల్డ్ ఎందుకు? స్టార్లన్నీ తీసేసి ఉత్త టెక్స్ట్ పంపు. ధర తెలిస్తే చాలు కదా రైతుకి. అన్ని యాప్‌లలోనూ ఒకేలా కనపడేది అదొక్కటే.

పలమనేరు_పద్మ
సాదా గారూ, మీరు పెద్దవాళ్ళున్న గ్రూపు నడిపినట్టు లేరు. మా పాల సొసైటీ గ్రూపులో మెసేజ్ పొడవుగా ఉంటే ఎవరూ చదవరు, బోల్డ్‌లో ఉన్న లైను మాత్రం చూసి ఫోన్ పక్కన పెట్టేస్తారు. బోల్డ్ తీసేస్తే ఆ ఒక్క లైనూ పోతుంది, ఆ తర్వాత "ఈరోజు ఫ్యాట్ రేటెంతమ్మా" అని వరసగా ఫోన్లు.

మురళీ, టెలిగ్రామ్ ఎర్రర్ సంగతి. బాట్ నుంచి పంపేటప్పుడు పార్స్ మోడ్ (ఫార్మాట్ గుర్తుల్ని ఎట్లా చదవాలో చెప్పేది) ఏం పెట్టావు? మార్క్‌డౌన్ (స్టార్లు, అండర్‌స్కోర్లతో ఫార్మాట్ రాసే పద్ధతి) వీ2 అయితే హైఫన్, చుక్క, ఆశ్చర్యార్థకం, ప్లస్, ఈక్వల్, బ్రాకెట్లు, హ్యాష్ అన్నిటికీ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాల్సిందే. నీ మెసేజ్‌లో 9.50లో చుక్క ఉంది, దానికి ముందే హైఫన్ ఉంది, మొదటి దానికే పడగొట్టింది. ధరల మెసేజ్‌లో చుక్క లేకుండా ఎట్లా కుదురుతుంది? హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీల ట్యాగుల భాష) మోడ్‌కి మారిపో. అందులో తప్పించాల్సినవి మూడే: యాంపర్‌శాండ్, లెస్ దెన్, గ్రేటర్ దెన్.

కొత్తగా_వచ్చా
టెలిగ్రామ్‌లో బోల్డ్‌కి రెండు స్టార్లు కదా? నేను ఫోన్‌లో రెండే పెడతాను, వస్తుంది. ఒక స్టార్ పెడితే స్టార్‌గానే ఉంటుంది.

పలమనేరు_పద్మ
ఫోన్ యాప్‌లో టైప్ చేస్తే రెండు. బాట్‌లో వీ2 మోడ్ అయితే ఒకటి. ఇంకా తమాషా, యాప్‌లో రెండు అండర్‌స్కోర్‌లు ఇటాలిక్, అదే వీ2లో రెండు అండర్‌స్కోర్‌లు అండర్‌లైన్. ఒకే కంపెనీ, ఒకే యాప్. మనం ఏం చేస్తాం.

కొత్తగా_వచ్చా
దేవుడా

మామిడితోట_మురళి
రెడ్డి అన్న చెప్పినట్టు "స్టార్ కానిది ఏదైనా" అని మార్చా. తోతాపురి నిలబడింది! టెలిగ్రామ్ కూడా హెచ్‌టీఎంఎల్ మోడ్‌తో పోయింది. కానీ ఇప్పుడు బెంగళూరు నుంచి మా బావ ఫోన్ చేసి "2540 క్రేట్లేందిరా, లారీ ఎక్కడ పెట్టుకుంటారు" అంటున్నాడు. డిస్కార్డ్ చూస్తే నిజంగానే 2540, 3050 అని ఉంది, మధ్యలో "40, 30" బోల్డ్. 25*40 అంటే 25 కిలోల క్రేట్లు 40 అని మా లెక్క. ముందు పంపిన మెసేజ్‌లు వెనక్కి తీసి చూశా, అప్పుడూ స్టార్లు మింగేసి ఇటాలిక్ చేసింది, ఎవరూ గమనించలేదు.

అలిపిరి_మెట్లు
ఇదయ్యా అసలైన దళారీ. స్టార్లు మింగి లెక్క పెంచాడు

రెగెక్స్_రెడ్డి
వాట్సాప్‌లో అది ఎందుకు బోల్డ్ కాలేదో గమనించు. ఎందుకంటే అక్కడ స్టార్‌కి ముందు అంకె ఆనుకుని ఉంది. వాట్సాప్ పదం అంచులో ఉన్న స్టార్‌నే పట్టించుకుంటుంది. మార్క్‌డౌన్ పద్ధతిలో స్టార్ పదం మధ్యలో ఉన్నా చెల్లుతుంది. కాబట్టి నీ రెగెక్స్‌లో ముందూ వెనకా అక్షరం గానీ అంకె గానీ మార్క్ గానీ ఉండకూడదు అని ఇంకో షరతు పెట్టు. ఆ తర్వాత మిగిలిన స్టార్లకి బ్యాక్‌స్లాష్ పెట్టి పంపు. ఐపోయింది. ఇరవై లైన్ల పని.

పిడ్జిన్_పాతకాపు
ఐపోదు రెడ్డీ. రేపు ఇటాలిక్‌లో బోల్డ్ వస్తుంది, ఎల్లుండి లింకులో అండర్‌స్కోర్ వస్తుంది, ఒక్కోదానికి ఒక్కో షరతు అతికిస్తూ పోతే చివరికి ఆ ఇరవై లైన్లని ముట్టుకోవాలంటేనే టెన్షన్.

ఈ పని కొత్తది కాదు. తిరుపతి బాలాజీ కాలనీలో నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి యాహూలో రంగురంగుల అక్షరాలు పంపిన బ్యాచ్ మాది. అప్పట్లో అన్ని చాట్‌లూ ఒకే కిటికీలో చూసుకోవడానికి పిడ్జిన్ ఉండేది, 2007కి ముందు దాని పేరు గెయిమ్. దాని వెనక లిబ్‌పర్పుల్ అని లైబ్రరీ. ఒక్కో నెట్‌వర్క్ ఫార్మాటింగ్ ఎట్లా పంపేదో వినండి. ఏఓఎల్ వాడు హెచ్‌టీఎంఎల్. యాహూ వాడు ఎస్కేప్ క్యారెక్టర్ పెట్టి దాని వెనక బోల్డ్‌కి ఒక కోడ్, ఇటాలిక్‌కి ఒక కోడ్. ఎంఎస్‌ఎన్ వాడు టెక్స్ట్‌లో ఏమీ పెట్టడు, మెసేజ్ హెడర్‌లో ఫాంట్ పేరు, బోల్డా ఇటాలికా, రంగు రాస్తాడు, మొత్తం మెసేజ్‌కి ఒకటే. ఆ రంగు కూడా అందరిలా ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరసలో కాదు, తిరగేసి నీలం, ఆకుపచ్చ, ఎరుపు. ఐఆర్‌సీ అనే పాత చాట్‌లో అయితే కంటికి కనపడని కంట్రోల్ క్యారెక్టర్లు: బోల్డ్‌కి 2, రంగుకి 3, ఇటాలిక్‌కి 29, అండర్‌లైన్‌కి 31.

వీటిని ఒకదాన్నించి ఇంకోదానికి నేరుగా మార్చాలని వాళ్ళు కూర్చోలేదు. ఎటునుంచి వచ్చినా ముందు హెచ్‌టీఎంఎల్‌లోకి తెచ్చేవాళ్ళు, పంపేటప్పుడు ఆ నెట్‌వర్క్ భాషలోకి దించేవాళ్ళు. మధ్యలో ఒక్కటే రూపం. ఎంఎస్‌ఎన్ లాంటి చోట ఒక్క పదానికి బోల్డ్ పంపడం కుదరదు, అది పోయేది, పోనీ అనుకునేవాళ్ళు.

మురళీ, నీకు నాలుగు యాప్‌లు. నేరుగా ఒకదాన్నించి ఒకదానికి అంటే 12 దార్లు. మధ్యలో ఒక రూపం పెట్టుకుంటే నాలుగు చదివేవి, నాలుగు రాసేవి. మీ మామ వాట్సాప్‌లోనే రాస్తాడంటే నీకు చదివేది ఒకటి చాలు.

కాణిపాకం_కోడర్
పాతకాపు అన్న చెప్పింది కరెక్ట్. ఫైళ్ళని ఒక రూపం నుంచి ఇంకో రూపంలోకి మార్చే పాండాక్ చేసేదీ అదే, ఏ ఫైలిచ్చినా ముందు లోపల ఒక చెట్టులా మార్చుకుని తర్వాత కావాల్సిన రూపంలో రాస్తుంది. దాన్ని రాసిన జాన్ మెక్‌ఫార్లేన్ బర్క్‌లీలో తత్వశాస్త్రం ప్రొఫెసర్ కూడా.

అలిపిరి_మెట్లు
బోల్డ్ అనేది ఉందా లేదా, లేక ఉన్నట్టు అనిపిస్తోందా అని ఆలోచించి రాసుంటాడు

రెగెక్స్_రెడ్డి
పాండాక్‌లో వాట్సాప్ ఫార్మాట్ లేదు కదా, మళ్ళీ రైటర్ నువ్వే రాయాలి. మూడు లైన్ల ధరల మెసేజ్‌కి పార్సర్, చెట్టు, రెండరర్ అంటే ఎట్లా?

కాణిపాకం_కోడర్
లూవా అనే భాషలో రైటర్ రాసుకోవచ్చు. అయినా పాండాక్ వాడమని చెప్పడం లేదు, ఆ ఆలోచన తీసుకోమంటున్నా. చెట్టు కూడా అక్కర్లేదు, ఉత్త టెక్స్ట్ ఒకటి, పక్కన ఒక జాబితా: ఎక్కడినుంచి, ఎంత పొడవు, బోల్డా ఇటాలికా. టెలిగ్రామ్ బాట్‌కి ఆ జాబితానే ఎంటిటీలుగా నేరుగా పంపొచ్చు, ఎస్కేప్ (బ్యాక్‌స్లాష్‌లు పెట్టే) గొడవే ఉండదు. సిగ్నల్ కూడా లోపల ఇట్లా రేంజులే పంపుతుంది, టెక్స్ట్‌లో స్టార్లు పెట్టదు.

ఇంకొకటి, "మార్క్‌డౌన్ తేలిక" అనుకునేవాళ్ళ కోసం. జాన్ గ్రూబర్ 2004లో మార్క్‌డౌన్ పెట్టినప్పుడు వివరణ వదులుగా ఉండేది, తలా ఒక రకంగా రాసుకున్నారు. 2014లో కామన్‌మార్క్ అనే ప్రమాణం వచ్చి గట్టిగా రాస్తే ఒక్క బోల్డ్, ఇటాలిక్‌కే 17 నియమాలు పట్టాయి. రెడ్డి గారి ఇరవై లైన్లలో అవన్నీ పట్టవు.

రెగెక్స్_రెడ్డి
సరే సరే. ఇరవై ఐదు.

డీటీపీ_తిలక్‌రోడ్
మీరంతా ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి అంటున్నారు, మాది వాట్సాప్ నుంచి కాగితానికి. పెళ్ళి కార్డు మ్యాటర్ అంతా వాట్సాప్‌లోనే వస్తుంది. యూనికోడ్ టెక్స్ట్‌ని అనూ ఫాంట్లలోకి మార్చుకుని పేజ్‌మేకర్‌లో పెట్టుకోవాలి. కస్టమర్ ముద్దుగా వధువు పేరుకి అటూ ఇటూ స్టార్ పెట్టి బోల్డ్ చేసి పంపిస్తాడు, ఫోన్‌లో చూస్తే స్టార్ కనపడదు, కాపీ చేస్తే వస్తుంది. ఒక షాపులో అట్లాగే ప్రింటైపోయింది, వధువు పేరుకి రెండు పక్కలా స్టార్. పెళ్ళివాళ్ళు కార్డులు తీసుకుపోయి, మరుసటి రోజు వచ్చి "వరుడికి కూడా ఆ నక్షత్రాలు వెయ్యండి, వాళ్ళవైపు వాళ్ళు అడుగుతున్నారు" అన్నారు.

పలమనేరు_పద్మ
😂😂 నవ్వలేక చస్తున్నా

సాదా_టెక్స్ట్
ఉత్త టెక్స్ట్ పంపండయ్యా అంటే వినరు కదా.

మామిడితోట_మురళి
కోడర్ అన్న చెప్పినట్టు రేంజుల పద్ధతిలో తిరగరాశా. వాట్సాప్ మెసేజ్ చదివి టెక్స్ట్, జాబితా విడగొడుతుంది. 25*40 ఎక్కడా చెడడం లేదు. కానీ టెలిగ్రామ్‌లో కొత్త వింత. రెండో లైన్, మూడో లైన్ దేవుడెరుగు, మొదటి లైన్‌లోనే తోతాపురిలో "తోతాపుర" దాకా బోల్డ్, చివరి గుడి మాత్రం బయట పడి కింద చుక్కల సున్నాతో ఒంటరిగా నిలబడింది. మామిడిపండు ఎమోజీ తీసేస్తే సరిగ్గా వస్తోంది. ఎమోజీకీ గుడికీ ఏం సంబంధం?

కాణిపాకం_కోడర్
టెలిగ్రామ్ ఎంటిటీల లెక్క యూటీఎఫ్-16 యూనిట్లలో (ఒక్కో యూనిట్ రెండు బైట్లు). పైథాన్ లెక్క కోడ్‌పాయింట్లలో, అంటే యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకి ఒకటి. తెలుగు అక్షరాలకి రెండు లెక్కలూ ఒకటే, ఒక్కో గుర్తుకి ఒక్కో యూనిట్. ఎమోజీ చాలావరకు పైథాన్‌కి ఒకటి, యూటీఎఫ్-16లో రెండు. నీ లైన్‌లో ఎమోజీ, ఖాళీ కలిపి పైథాన్ 2 అంది, టెలిగ్రామ్‌కి అది 3. బోల్డ్ ఒక అడుగు ముందే మొదలై ఒక అడుగు ముందే ఆగింది. తోతాపురిలో గుర్తులు 8: త, ఓత్వం, త, దీర్ఘం, ప, కొమ్ము, ర, గుడి. ఆ ఎనిమిదోది బయట పడింది. ఇంగ్లీషులో అయితే చివరి అక్షరం మామూలుగా కనపడి ఊరుకునేది, మనకి అక్షరమే విరిగిపోతుంది కాబట్టి వెంటనే తెలిసింది.

బోల్డ్ మొదలయ్యే దాకా ఉన్న ముక్కని యూటీఎఫ్-16 లిటిల్ ఎండియన్‌లో ఎన్‌కోడ్ చేసి బైట్లని రెండుతో భాగించు, అదే ఆఫ్‌సెట్. పొడవు కూడా అట్లాగే.

పిడ్జిన్_పాతకాపు
పనిలో పనిగా పొడవు కూడా చూసుకో. టెలిగ్రామ్ మెసేజ్ 4096 దాకా, డిస్కార్డ్ 2000. సీజన్‌లో రకాలన్నీ, దామలచెరువు ధరలు కూడా కలిపి పెడితే డిస్కార్డ్‌లో దాటొచ్చు. తెంపేటప్పుడు లైన్ చివర తెంపు. 2000వ గుర్తు దగ్గర గుడ్డిగా కోస్తే శ్రీకాళహస్తి "శ్" ఒక మెసేజ్‌లో, "రీకాళహస్తి" ఇంకో మెసేజ్‌లో పడుతుంది. బోల్డ్ మధ్యలో తెగితే మొదటి ముక్కకి మూయాలి, రెండో ముక్కకి మళ్ళీ తెరవాలి. రేంజులుంటే ఇది తేలిక, స్టార్లతోనే చేస్తే నరకం.

కొత్తగా_వచ్చా
ఒక సందేహం. నేను వాట్సాప్‌లో *తిరుపతి*లో అని రాస్తే బోల్డ్ రావడం లేదు. *తిరుపతి* అని ఉత్తగా రాస్తే వస్తుంది. ఇది కూడా గుణింతం గొడవేనా?

రెగెక్స్_రెడ్డి
కాదు, పైన 25*40కి చెప్పిందే. మూసే స్టార్ వెనక "లో" ఆనుకుని ఉంది. విభక్తిని కూడా స్టార్ లోపలికి లాక్కో, *తిరుపతిలో*. స్లాక్‌లో కూడా అంతే.

కాణిపాకం_కోడర్
మురళి బాట్‌కి ఇది ముఖ్యం. టెలిగ్రామ్ నుంచి వాట్సాప్‌కి వెనక్కి తెచ్చే రోజు వస్తే, అక్కడ "తిరుపతి" వరకే బోల్డ్ ఉండి "లో" మామూలుగా ఉండొచ్చు, వాట్సాప్‌లో అది రాయలేవు. మధ్యలో జీరో విడ్త్ స్పేస్ పెట్టేయి, కంటికి కనపడదు, బోల్డ్ నిలబడుతుంది.

డీటీపీ_తిలక్‌రోడ్
దయచేసి ఆ పని చెయ్యొద్దు. కనపడని క్యారెక్టర్ ఉన్న టెక్స్ట్ మా కన్వర్టర్‌లోకి వస్తే మధ్యలో డబ్బా పడుతుంది. అది ఎక్కడుందో వెతకడానికే అరపూట పోతుంది.

పలమనేరు_పద్మ
వెతుకులాట కూడా దెబ్బతింటుంది. గ్రూపులో "తిరుపతిలో" అని వెతికితే ఆ మెసేజ్ దొరకదు. బోల్డ్‌ని పదం చివరిదాకా పొడిగించు మురళీ, విభక్తి కూడా బోల్డ్ అయితే ఎవరికేం నష్టం?

రెగెక్స్_రెడ్డి
అయితే వచ్చే మెసేజ్‌లలో కనపడనివన్నీ ముందే తీసేస్తే సరి. ఒక్క లైన్.

డీటీపీ_తిలక్‌రోడ్
అన్నీ తీసేస్తే "సాఫ్ట్‌వేర్"లో ట, వ మధ్య ఉండే జీరో విడ్త్ నాన్ జాయినర్ కూడా పోతుంది సామీ, వ వచ్చి ట కింద ఒత్తుగా కూర్చుంటుంది. "సాఫ్ట్వేర్" అని. స్పేస్ తియ్యి, నాన్ జాయినర్‌ని ముట్టుకోకు.

రెగెక్స్_రెడ్డి
ఇది నాకు కొత్త. మంచిది.

కాణిపాకం_కోడర్
సరే, పొడిగించడానికే నా ఓటు కూడా. కామన్‌మార్క్‌ని అచ్చంగా పాటించే చోట కూడా అది పనికొస్తుంది. అక్కడ మామూలుగా విభక్తి ఆనుకున్నా బోల్డ్ వస్తుంది గానీ, మూసే స్టార్లకి ముందు బ్రాకెట్టో కోట్ గుర్తో ఉండి వెనక అక్షరం ఉంటే రాదు. `**తోతాపురి (బెంగళూర)**కి` అని రాసి చూడండి, స్టార్లు స్టార్లుగానే మిగులుతాయి. చైనా, జపాన్ వాళ్ళు కూడా దీనిమీద మొత్తుకుంటూనే ఉన్నారు, వాళ్ళకైతే పదాల మధ్య ఖాళీయే ఉండదు కదా.

మామిడితోట_మురళి
పద్మక్కా, పొడిగించేశా. ఇంకో ప్రశ్న. ధరలన్నీ పట్టికలా నిలువుగా సర్దాలని మామ పట్టు. మూడు బ్యాక్‌టిక్‌లు పెడితే మోనోస్పేస్ (అన్ని అక్షరాలూ ఒకే వెడల్పు) వస్తుంది కదా, అందులో ఖాళీలు పెట్టి సర్దా. అంకెలు మెట్లమెట్లుగా వస్తున్నాయి.

అలిపిరి_మెట్లు
మెట్లు అంటే నన్ను పిలిచినట్టుంది

డీటీపీ_తిలక్‌రోడ్
తెలుగుకి మోనోస్పేస్ అనేది పేరుకే. ఫోన్‌లో ఉన్న మామూలు తెలుగు ఫాంటే వచ్చి పడుతుంది, "నీలం" ఒక వెడల్పు, "ఇమామ్ పసంద్" ఒక వెడల్పు, ఎన్ని ఖాళీలు పెట్టినా కుదరదు. అంకెలు ముందు రాయి, పేరు వెనక రాయి. అంకెలన్నీ ఒకే వెడల్పు కాబట్టి అవి నిలువుగా వస్తాయి, పేర్లు వాటి తర్వాత వరసగా మొదలవుతాయి:

`09.50 - 11.00  తోతాపురి`
`18.00 - 22.00  నీలం`

ఇవీ ఉత్తుత్తి ధరలే, మెట్ల సామి మళ్ళీ లారీ ఎత్తుకొస్తాడు. ఇటాలిక్ గురించి కూడా ఒక మాట. తెలుగు ఫాంట్లలో ఇటాలిక్ అని విడిగా గీసింది దాదాపు ఉండదు, ఉన్న అక్షరాన్నే పక్కకి వంచుతారు. చిన్న స్క్రీన్ మీద చదవడం కష్టం. బాట్‌లో తెలుగు ఇటాలిక్ వస్తే మామూలుగా వదిలెయ్యమని నా సలహా.

సాదా_టెక్స్ట్
చివరికి నా దారికే వచ్చారు.

పలమనేరు_పద్మ
ఇటాలిక్ వరకే, సాదా గారూ. బోల్డ్ ముట్టుకోనివ్వను.

కొత్తగా_వచ్చా
ఆ స్టైలిష్ ఫాంట్ యాప్‌లు ఉంటాయి కదా, కాపీ పేస్ట్ చేస్తే ఎక్కడైనా బోల్డ్‌గానే ఉంటుంది. అవి వాడితే ఈ మార్చుకోవడమే ఉండదు కదా?

కాణిపాకం_కోడర్
అవి ఫాంట్లు కావు, గణితం కోసం యూనికోడ్‌లో పెట్టిన వేరే ఇంగ్లీషు అక్షరాలు. తెలుగుకి అట్లాంటివి లేవు. పైగా చూపు లేనివాళ్ళు స్క్రీన్ రీడర్‌తో వింటే ఒక్కో అక్షరాన్నీ గణిత గుర్తుగా చదివి చంపుతుంది, కొన్ని అసలు చదవనే చదవవు.

పిడ్జిన్_పాతకాపు
హెచ్‌టీఎంఎల్ అని చెప్పా కాబట్టి ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఎక్స్‌ఎంపీపీ అనే చాట్ పద్ధతిలో ఎక్స్‌హెచ్‌టీఎంఎల్-ఐఎం అని ఉండేది, ఎక్స్‌ఈపీ-0071. మెసేజ్‌లో సాదా రూపం ఒకటి, ఫార్మాట్ చేసిన రూపం ఒకటి, రెండూ పోయేవి. ఆలోచన మంచిదే, మ్యాట్రిక్స్ అనే చాట్ నెట్‌వర్క్ ఇప్పటికీ అట్లాగే పంపుతుంది. గొడవ ఎక్కడంటే, కొన్ని వెబ్ క్లయింట్లు అవతలివాడు పంపిన హెచ్‌టీఎంఎల్‌ని వడకట్టకుండా పేజీలో పెట్టేసేవి, స్క్రిప్టులు దూరేవి. 2018లో దాన్ని పక్కన పెట్టారు. ఇప్పుడు ఎక్స్‌ఈపీ-0393, మళ్ళీ స్టార్లూ అండర్‌స్కోర్లే. మురళీ, టెలిగ్రామ్‌కి హెచ్‌టీఎంఎల్ పంపినా, రేపు వెబ్‌సైట్‌లో ధరలు పెట్టినా, ముందు టెక్స్ట్‌ని ఎస్కేప్ చేసి ఆ తర్వాతే ట్యాగులు చేర్చు. వరస మారితే నీ ట్యాగులే ఎస్కేప్ అయిపోతాయి, లేదా అవతలివాడి ట్యాగులు లోపలికొస్తాయి.

మామిడితోట_మురళి
వరస సరిచూసుకున్నా. ఇంక ఒక్కటే మిగిలింది, మా మామ. ఆయన స్టార్ తర్వాత ఖాళీ కొడతాడు, `* తోతాపురి *` అని. వాట్సాప్‌లో అది బోల్డ్ కాదు, లైన్ మొదట్లో ఉంటే బుల్లెట్ అయి కూర్చుంటోంది, చివరి స్టార్ తోకలాగా మిగిలిపోతోంది. బాట్‌లో దీన్ని బోల్డ్‌గా సర్దేయనా?

రెగెక్స్_రెడ్డి
సర్దెయ్. ఆయన ఉద్దేశం తెలుస్తూనే ఉంది కదా.

పిడ్జిన్_పాతకాపు
వద్దు. బుల్లెట్లు, నంబర్ల జాబితా, కోట్, ఒంటి బ్యాక్‌టిక్ కోడ్ ఇవన్నీ వాట్సాప్‌లో 2024లో వచ్చాయి. ఖాళీతో మొదలయ్యే స్టార్ అంటే ఇప్పుడు బుల్లెట్. రేపు నిజంగా బుల్లెట్లు పెట్టేవాడి మెసేజ్‌ని నువ్వు బోల్డ్ చేస్తే? పంపినవాడికి తన యాప్‌లో ఏం కనపడిందో అవతల కూడా అదే కనపడాలి. అంతకుమించి ఊహించడం మొదలుపెడితే 2540 క్రేట్లే.

పలమనేరు_పద్మ
స్టార్లు టైప్ చెయ్యడం మానిపించు. పదం మీద వేలు నొక్కి పెట్టి సెలెక్ట్ చేస్తే మెనూలో బోల్డ్ అని ఉంటుంది, నొక్కితే స్టార్లు అదే సరిగ్గా పెట్టుకుంటుంది. మా సొసైటీలో అందరికీ నేర్పించా.

మామిడితోట_మురళి
నేర్పించానక్కా. ఇప్పుడు మొత్తం లైన్లకి లైన్లే బోల్డ్ కొడుతున్నాడు. "అన్నీ ముఖ్యమే కదరా" అంట.

అలిపిరి_మెట్లు
దీనికి మాత్రం పార్సర్ లేదు

రెగెక్స్_రెడ్డి
మురళీ, కోడ్ ఎక్కడన్నా పెడతావా? టెస్టులు నేను రాస్తా. ఈ లైన్ నాలుగు చోట్లా బతికితే చాలు, దామలచెరువు (పాకాల) వరకు బోల్డ్ అనుకో:

`దామలచెరువు (పాకాల)కి 15*20, 18*25 క్రేట్లు - బిల్లు_కాపీ_2 & 🥭 9.50 > 9.00`

మామిడితోట_మురళి
నడిపించా. టెలిగ్రామ్ బతికింది. డిస్కార్డ్ బతికింది, స్టార్లకీ అండర్‌స్కోర్లకీ బ్యాక్‌స్లాష్ పడింది. స్లాక్‌లో యాంపర్‌శాండ్ దగ్గర నేను ఎస్కేప్ వెయ్యలేదు, అక్కడ కూడా హెచ్‌టీఎంఎల్‌లాగా మూడూ మార్చాలంట, ఇప్పుడు వేశా. వాట్సాప్‌కి తిరిగి రాస్తే బోల్డ్ "కి" దాకా పోయింది. రాత్రికి గిట్‌హబ్‌లో పెడతా.

పలమనేరు_పద్మ
పెట్టేముందు బాట్ టోకెన్ (బాట్ తాళంచెవి లాంటిది) చూసుకో. ఫైల్లోంచి తీసేసినా పాత కమిట్‌లో ఉండిపోతుంది. టెలిగ్రామ్ బాట్‌ఫాదర్‌లో పాతది రివోక్ చేసి కొత్తది తీసుకో.

మామిడితోట_మురళి
రివోక్ చేశా అక్కా, కొత్త టోకెన్ వేరే ఫైల్లో పెట్టా. రెడ్డి అన్నా, లింకు నీకు మెసేజ్ చేస్తా, టెస్టులు అందులోనే వెయ్.